వానకు మూడు ఛానెళ్లే ఎందుకు పోతాయి? హార్ట్‌వెల్‌లో ఒక లోకల్ ఛానెళ్ల కేసు

2016 ఆగస్టులో ఈశాన్య జార్జియాలోని హార్ట్‌వెల్ నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన అక్కడి ఆసుపత్రిలో పనిచేసే తెలుగు డాక్టర్. అంతకు ముందు అట్లాంటా శివార్లలో, జాన్స్ క్రీక్‌లో ఉండేవారు. ఫిబ్రవరిలో హార్ట్‌వెల్ లేక్ దగ్గర ఇల్లు కొనుక్కుని మారిపోయారు. పాత ఇంటి మీదున్న డిష్ విప్పించి, ఊళ్లో చిల్లర పనులు చేసే ఒకాయనతో కొత్త ఇంటికి బిగించుకున్నారు.

"లోకల్ ఛానెళ్లు సరిగ్గా రావట్లేదండీ. డిష్ కదిలినట్టుంది, ఒకసారి వచ్చి సరిచేస్తారా?" అన్నారు.

వెనకనుంచి ఒక పెద్దావిడ గొంతు వినపడింది. "డిష్ కదిలితే అన్నీ పోవాలి గదరా. వానొస్తే 2, 5, 11 మాత్రమే పోతున్నాయి. మిగతావన్నీ శుభ్రంగా వస్తున్నాయి. ఆ బాబుకు అది చెప్పు."

ఆవిడ డాక్టర్ గారి అమ్మగారు, నరసరావుపేట నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు. పగలంతా టీవీ దగ్గరుండేది ఆవిడే. కేసులో సగం ఆ ఒక్క మాటలోనే తేలిపోయింది. నేను అట్లాంటా చుట్టుపక్కల శాటిలైట్ టీవీ, యాంటెన్నా పనులు చేస్తుంటాను. లోకల్ ఛానెళ్ల ఫిర్యాదు వచ్చినప్పుడు చాలామంది టెక్నీషియన్లు తిన్నగా నిచ్చెన దించుతారు. నా అలవాటు వేరు, ముందు అడ్రస్ అడుగుతాను. డాక్టర్ గారినీ అదే అడిగాను, కంపెనీ అకౌంట్‌లో సర్వీస్ అడ్రస్ ఏముందని. కాసేపు చూసుకుని, "జాన్స్ క్రీక్‌దే ఉందండీ. బిల్లు ఆన్‌లైన్‌లోనే కడతాం కదా, మార్చాలన్న ఆలోచనే రాలేదు" అన్నారు.

ఈ జవాబు ఎందుకు కీలకమో చెప్పాలంటే అమెరికాలో లోకల్ ఛానెల్ ఇంటికి ఎలా చేరుతుందో కొంచెం చెప్పాలి.

లోకల్ అంటే ఎవరి లోకల్

మన దగ్గర డీటీహెచ్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. విజయవాడలో వచ్చే ఈటీవీ ఢిల్లీలోనూ వస్తుంది, ప్యాక్‌లో ఉంటే చాలు. శాటిలైట్ బీమ్ దేశమంతటినీ ఒకేసారి కప్పేస్తుంది. ఊరి కేబుల్ ఆపరేటర్ నడుపుకునే సొంత ఛానెల్ ఒక్కటే డీటీహెచ్‌లో దొరకదు, దొరుకుతుందని ఎవరూ అనుకోరు కూడా.

అమెరికాలో ఏబీసీ, ఎన్‌బీసీ, సీబీఎస్, ఫాక్స్ నెట్‌వర్కులు తిన్నగా ఇంటికి రావు, ఒక్కో ప్రాంతంలో ఒక్కో స్టేషన్ ద్వారా వస్తాయి. అట్లాంటాలో ఏబీసీ చూడాలంటే 2వ నంబరు డబ్ల్యూఎస్‌బీ, ఫాక్స్‌కు 5వ నంబరు డబ్ల్యూఏజీఏ, ఎన్‌బీసీకి 11వ నంబరు డబ్ల్యూఎక్స్‌ఐఏ. రాత్రి సీరియళ్లు, ఫుట్‌బాల్ నెట్‌వర్క్‌వి. వార్తలు, వాతావరణం, ఊరి కార్ల షోరూమ్ ప్రకటనలు స్టేషన్‌వి. స్టేషన్ ఎక్కువగా ఆ ప్రకటనల మీదే బతుకుతుంది కాబట్టి, అదే నెట్‌వర్క్ ప్రోగ్రామును పక్క ఊరి స్టేషన్ తెచ్చి తన ఇలాకాలో చూపిస్తానంటే ఒప్పుకోదు.

ఆ ఇలాకాల మ్యాప్ గీసేది టీవీ రేటింగులు లెక్కించే నీల్సన్ సంస్థ. దేశాన్ని 210 మార్కెట్లుగా విడగొట్టింది. దాదాపు అన్నిచోట్లా కౌంటీని ఒక ముక్కగా తీసుకుని, అక్కడి జనం ఏ ఊరి స్టేషన్లు ఎక్కువ చూస్తారో ఆ మార్కెట్‌లో వేస్తుంది. రాష్ట్రం ఏదన్నది చూడదు. హార్ట్ కౌంటీ జార్జియాలోనే ఉంది. అక్కడివాళ్లు పన్ను కట్టేది జార్జియాకి, ఓటేసేది జార్జియాలో. టీవీ మ్యాప్‌లో మాత్రం అది గ్రీన్‌విల్–స్పార్టన్‌బర్గ్–యాష్‌విల్ మార్కెట్‌లో ఉంది. అంటే 4వ నంబరు గ్రీన్‌విల్ స్టేషన్, 7 స్పార్టన్‌బర్గ్, 21 మళ్లీ గ్రీన్‌విల్, 13 యాష్‌విల్. మొదటి రెండు ఊళ్లు సౌత్ కరోలినాలో, యాష్‌విల్ నార్త్ కరోలినాలో. చుట్టుపక్కల ఉన్న ఫ్రాంక్లిన్, స్టీఫెన్స్, ఎల్బర్ట్ కౌంటీలదీ ఇదే పరిస్థితి. సొంత రాష్ట్రం వార్తలు అందని ఇలాంటి వాటిని ఇక్కడ అనాథ కౌంటీలని అంటుంటారు.

శాటిలైట్ కంపెనీలకు మామూలుగా ఈ మ్యాప్ దాటే హక్కు లేదు. 1988 చట్టం ప్రకారం, ఆ నెట్‌వర్క్ స్టేషన్ ఏదీ యాంటెన్నాకు అందని మారుమూల ఇళ్లకు మాత్రమే దూరపు ఊళ్ల స్టేషన్లు చూపించే వీలుండేది. నీ ఊరి స్టేషన్‌ను నీ ఊళ్లోనే శాటిలైట్ ద్వారా ఇచ్చే దారి 1999 నవంబరులో వచ్చిన చట్టంతోనే తెరుచుకుంది. అందులో కాపీరైట్ లైసెన్స్ ఉచితమే, అయితే స్టేషన్ సొంత మార్కెట్ లోపలివాళ్లకే వర్తిస్తుంది. దానికో మెలిక కూడా పెట్టారు. ఒక మార్కెట్‌లో ఈ లైసెన్స్ వాడుకుని ఒక్క స్టేషన్ చూపించినా సరే, అక్కడ అడిగిన స్టేషన్లన్నీ చూపించాలి. పెద్ద నెట్‌వర్క్‌లు నాలుగు తీసుకుని చిన్నవాటిని వదిలేస్తామంటే కుదరదు. 2002 జనవరి 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

బీమ్ అంచు

ఈ మెలిక చదివి భయపడాల్సింది లాయర్ల కన్నా ఇంజినీర్లు. అప్పట్లో శాటిలైట్ టీవీకి వాడే కేయూ అనే ఫ్రీక్వెన్సీ బ్యాండులో ఒక ఆర్బిటల్ స్లాటుకు, అంటే ఆకాశంలో శాటిలైట్‌కు కేటాయించిన ఒక్కో చోటుకు, దొరికేది 32 ఫ్రీక్వెన్సీలు. ఒక్కోదాంట్లో మామూలు క్వాలిటీ ఛానెళ్లయితే సుమారు పది పడతాయి. హెచ్‌డీ అయితే అందులో సగం కూడా కష్టం. దేశంలో పూర్తి పవరుతో నడిచే టీవీ స్టేషన్లు 1,700 పైమాటే. అన్నిటినీ దేశమంతా కప్పే బీమ్‌లో పంపాలంటే ఆకాశంలో చోటు చాలదు. పైగా అట్లాంటా వార్తలను సియాటిల్ మీద కూడా కుమ్మరించడం వల్ల ఎవరికీ లాభం లేదు, సియాటిల్ వాళ్లకు అది చూపించడం చట్టవిరుద్ధం కూడా.

అందుకే స్పాట్ బీమ్‌లు వచ్చాయి. శాటిలైట్‌లోని యాంటెన్నా కొన్ని వందల కిలోమీటర్ల వెడల్పున్న చిన్న మచ్చల్లా సిగ్నల్‌ను కిందికి వేస్తుంది. అట్లాంటా మచ్చలో వాడిన ఫ్రీక్వెన్సీనే దూరంగా ఉన్న సియాటిల్ మచ్చలో మళ్లీ వాడుకోవచ్చు, రెండూ ఒకదానికొకటి తగలవు. ఇక్కడి రెండు పెద్ద శాటిలైట్ టీవీ కంపెనీల్లో డైరెక్‌టీవీ 2001 నవంబరులో ఎగరేసిన 4ఎస్, డిష్ నెట్‌వర్క్ మాతృసంస్థ 2002 ఫిబ్రవరిలో ఎగరేసిన ఎకోస్టార్-7 ఇలాంటి బీమ్‌లున్న శాటిలైట్లే. తేదీలు చూస్తే చట్టం గడువుకు అటూఇటూగా ఉన్నాయి. అది యాదృచ్ఛికం కాదు.

స్టేషన్ నుంచి ఇంటిదాకా దారి ఇలా ఉంటుంది. కంపెనీ ప్రతి మార్కెట్‌లోనూ ఒక రిసీవింగ్ కేంద్రం పెట్టుకుంటుంది, ఒక్కోసారి అది ఏదో బిల్డింగ్‌లో ఒక గది మాత్రమే. స్టేషన్ సిగ్నల్ అక్కడికి యాంటెన్నా మీద గానీ ఫైబర్ మీద గానీ వస్తుంది. మంచి సిగ్నల్ అక్కడిదాకా చేర్చే ఖర్చు స్టేషన్‌దే. అక్కడ దాన్ని కంప్రెస్ చేసి ఫైబర్ మీద అప్‌లింక్ కేంద్రానికి పంపుతారు. అక్కణ్నుంచి దాదాపు 36,000 కిలోమీటర్ల పైనున్న శాటిలైట్‌కు, శాటిలైట్ నుంచి స్పాట్ బీమ్‌లో ఇంటి డిష్‌కు. చివరగా రిసీవర్‌లోని కార్డు ఈ ఇంటికి ఈ మార్కెట్ చూపించొచ్చా లేదా అని చూస్తుంది. ఆ అనుమతి అకౌంట్‌లోని సర్వీస్ అడ్రస్‌ను బట్టి వస్తుంది. డిష్ ఎక్కడుందో శాటిలైట్‌కు తెలియదు. కంపెనీకి తెలిసిందల్లా కస్టమర్ చెప్పిన అడ్రస్సే.

డాక్టర్ గారింట్లో జరిగిందిదే. అకౌంట్ జాన్స్ క్రీక్‌లో ఉంది కాబట్టి కార్డు అట్లాంటా స్టేషన్లకు అనుమతి ఇస్తూనే ఉంది. ఇల్లు మాత్రం అట్లాంటాకు దాదాపు 100 మైళ్ల దూరానికి, అట్లాంటా బీమ్ అంచుకు వెళ్లిపోయింది. ఎండగా ఉన్న రోజు సిగ్నల్ ఎలాగో సరిపోతుంది. మబ్బు పట్టి వాన దంచితే తడి గాలిలో ఇంకాస్త తగ్గిపోయి బొమ్మ ఆగిపోతుంది. దేశమంతా కప్పే బీమ్‌లో వచ్చే సీఎన్‌ఎన్, ఈఎస్‌పీఎన్‌లకు ఆ మాత్రం తగ్గినా ఇంకా మిగులు ఉంటుంది.

వెళ్లినరోజు రిసీవర్‌లో సిగ్నల్ మీటర్ తెరిచి డాక్టర్ గారికీ, అమ్మగారికీ చూపించాను. నూటికి లెక్కేసే పట్టీలు వరసగా ఉంటాయి. ఒక్కో పట్టీ ఒక ట్రాన్స్‌పాండర్‌ది, అంటే శాటిలైట్‌లో ఒక్కో ఫ్రీక్వెన్సీని పంపే పరికరానిది. జాతీయ ట్రాన్స్‌పాండర్లన్నీ 90 దాటి ఉన్నాయి. అట్లాంటా బీమ్ ట్రాన్స్‌పాండర్ నలభైల్లో ఊగుతోంది. ఇంకొన్ని సున్నా. సున్నాలు చూసి డాక్టర్ గారికి టెన్షన్ పట్టుకుంది. వాటితో ఇబ్బందేమీ లేదు. అవి డాలస్‌వో, షికాగోవో, ఇక్కడ పడని బీమ్‌లు. ఇక్కడ సున్నా చూపించడమే సరి. చాలామంది కస్టమర్లు ఈ సున్నాలు చూసే డిష్ పాడైందనుకుంటారు, కొందరు టెక్నీషియన్లు కూడా ఇవి చూపించే కొత్త డిష్ అంటగడతారు.

బీమ్ మధ్యలో సిగ్నల్ నిండుగా ఉంటుందనీ, అంచుకు పోయేకొద్దీ పలచబడుతుందనీ చెబితే అమ్మగారు వెంటనే, "అంటే మనది సాగర్ కాలువ శివారు పొలమన్నమాట" అన్నారు. పల్నాడు మనిషికి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

అడ్డదారి, సరైన దారి

డాక్టర్ గారు తెలివైన ప్రశ్నే వేశారు. "అడ్రస్ అలాగే ఉంచేసి, పెద్ద డిష్ పెడితే అట్లాంటా సిగ్నల్ నిలబడుతుంది కదా?"

నిలబడే అవకాశం ఉంది. పెద్ద డిష్ ఎక్కువ సిగ్నల్ పోగుచేస్తుంది. ఇలా చుట్టాల అడ్రస్ మీద అకౌంట్ పెట్టుకుని పక్క మార్కెట్ ఛానెళ్లు చూసేవాళ్లు అమెరికా నిండా ఉన్నారు. నేను మాత్రం ఆ పని చేయను. కంపెనీతో చేసుకున్న ఒప్పందానికి అది విరుద్ధం, పట్టుకుంటే అకౌంట్ ఆపేస్తారు. ఇంకో కారణం నాకు ఎక్కువ ముఖ్యం. హార్ట్ కౌంటీకి టోర్నడో హెచ్చరిక వచ్చిందనుకోండి, పటం మీద ఆ కౌంటీని పెట్టి గంటలకొద్దీ చెప్పేది గ్రీన్‌విల్ వైపు స్టేషన్లు. అట్లాంటా వాతావరణం మనిషికి హార్ట్‌వెల్ తన మ్యాప్‌లో మూలన ఉండే ఊరు. అమ్మగారు ఒక్కరే ఇంట్లో ఉండే రోజులున్నాయని తెలిశాక ఈ విషయం గట్టిగానే చెప్పాను.

దూరపు ఊళ్ల నెట్‌వర్క్ స్టేషన్లు, అంటే న్యూయార్క్‌వి ఇప్పిస్తారా అన్నదీ అడిగారు. 1988 నాటి దారి అది. సొంత మార్కెట్ స్టేషన్లను కంపెనీ ఇస్తున్న చోట కొత్తగా చేరేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ఇంకో కిటికీ ఉంది: పక్క మార్కెట్ స్టేషన్‌ను ఒక కౌంటీలో జనం యాంటెన్నాతో బాగానే చూస్తారని ఎఫ్‌సీసీ (టీవీ, ఫోన్ ప్రసారాలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) జాబితాలో ఉంటే శాటిలైట్ కంపెనీ దాన్ని అక్కడ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు, అంతే. ఇచ్చి తీరాలని లేదు, స్టేషన్ కూడా ఒప్పుకోవాలి. డాక్టర్ గారి కంపెనీ ఇవ్వదని కస్టమర్ కేర్‌లో తేల్చి చెప్పారు.

చివరికి అడ్రస్ మార్పించాం. కంపెనీ కాల్ సెంటర్‌లో ఇది సులువుగా కాలేదు. మొదట మాట్లాడినావిడ బిల్లింగ్ అడ్రస్ మార్చి సర్వీస్ అడ్రస్ మార్చానంది. రెండూ వేరు. బిల్లింగ్ అడ్రస్ ఎన్నిసార్లు మార్చినా కార్డుకు కొత్త అనుమతి రాదు. సర్వీస్ అడ్రస్ మారి, రిసీవర్‌కు కొత్త అనుమతులు దిగాక గైడ్‌లో 2, 5, 11 మాయమై 4, 7, 13, 21 వచ్చి కూర్చున్నాయి. 2 నొక్కితే "మీ సబ్‌స్క్రిప్షన్‌లో లేదు" అంది. ఈ మెసేజ్‌కూ, "సిగ్నల్ కోసం వెతుకుతోంది" అన్నదానికీ తేడా కస్టమర్లకు ముందే చెప్పి పెడతాను. మొదటిది వస్తే ఇంటి పైకప్పు ఎక్కడం వృథా, అది అకౌంట్ సంగతి. రెండోది వస్తేనే డిష్, కేబుల్, చెట్టు.

వాన పోయి గాలి వచ్చింది

కేసు అక్కడితో ముగిసేదే. కొన్నాళ్లకు అమ్మగారే ఫోన్ చేశారు. "బాబూ, మొన్నటిదాకా వానకు పోయేవి. ఇప్పుడు గాలికి పోతున్నాయి. ఈసారి నాలుగూ ఒకేసారి."

ఇంత బాగా హిస్టరీ చెప్పే కస్టమర్ దొరకడం అదృష్టం. వానకు పోతే సిగ్నల్ పలచబడినట్టు. గాలికి పోయి, గాలి ఆగగానే వస్తే దారికి అడ్డంగా ఏదో ఊగుతున్నట్టు. ఊగేది డిష్ కావచ్చు, చెట్టు కావచ్చు. డిష్ అయితే జాతీయ ఛానెళ్లు కూడా ఎగరాలి. అవి కదలడం లేదంటే చెట్టే అయి ఉండాలి.

ఎందుకంటే ఆ డిష్ ఒక్క శాటిలైట్‌ను చూడటం లేదు. డిష్ చేతి చివర పక్కపక్కనే ఉన్న రిసీవింగ్ కళ్లు వేర్వేరు ఆర్బిటల్ స్లాట్లను చూస్తాయి. డాక్టర్ గారి కంపెనీ ఏర్పాటులో అట్లాంటా స్పాట్ బీమ్ ఒక స్లాటు నుంచి, గ్రీన్‌విల్ బీమ్ ఇంకో స్లాటు నుంచి వస్తున్నాయి. ఆ రెండోది అన్నిటికన్నా పడమర వైపుది. జార్జియా నుంచి చూస్తే ఈ స్లాట్లు నైరుతి దిక్కున ఉంటాయి, పడమరకు జరిగేకొద్దీ ఆకాశంలో కిందికి దిగుతాయి. పెరట్లో నైరుతి మూల పెద్ద ఓక్ చెట్టు ఉంది. మిగతా స్లాట్లు దాని తల మీదుగా కనిపిస్తాయి, పడమటిది కొమ్మల్లోంచి వస్తోంది. డిష్ బిగించినప్పుడు ఫిబ్రవరి, ఆకు లేదు. పైగా ఆ స్లాటులో అప్పట్లో వీళ్లు చూసే ఛానెల్ ఒక్కటీ లేదు. అందుకే ఆరు నెలలు ఎవరికీ పట్టలేదు.

మీటర్ ముందు అమ్మగారిని కూర్చోబెట్టి, నేను పెరట్లోంచి ఫోన్లో అడుగుతుంటే ఆవిడ అంకెలు చదివారు. గాలి ఆగినప్పుడు గ్రీన్‌విల్ ట్రాన్స్‌పాండర్ డెబ్భైకి కొంచెం పైన, కొమ్మ ఊగగానే ముప్పైల్లోకి, మళ్లీ పైకి. చెట్టు కొట్టించడం డాక్టర్ గారికి ఇష్టం లేదు, నాకూ లేదు. డిష్‌ను కారు షెడ్డు పక్కన నేలలో పాతిన స్తంభం మీదికి మార్చాను. అక్కణ్నుంచి మూడు స్లాట్లూ ఖాళీ ఆకాశంలో కనిపిస్తాయి. స్తంభం నిలువుగా లేకపోతే ఎంత తిప్పినా మూడు స్లాట్లు ఒకేసారి కుదరవు, ఒకటి బాగుంటే ఇంకోటి తగ్గుతుంది. అందుకే ఎక్కువసేపు పట్టింది కాంక్రీటు పోసి, మట్టం పెట్టి ఆ స్తంభాన్ని సరిగ్గా నిలబెట్టడానికే. తిప్పడం పని కాసేపే. కేబుల్‌కు కొత్త కనెక్టర్లు కొట్టి, ఎర్త్ చేశాను. పాత ఇన్‌స్టలేషన్‌కు ఎర్తింగే లేదు. పిడుగులు పడే ఊళ్లో ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

స్తంభం దగ్గరున్నప్పుడే పైకప్పు మీద మామూలు యాంటెన్నా ఒకటి కూడా పెట్టించమన్నాను. శాటిలైట్ పెట్టుకున్నవాళ్లు ఇది దండగ అనుకుంటారు. హార్ట్‌వెల్‌కు గ్రీన్‌విల్ వైపు స్టేషన్ల టవర్లు కొండల మీద ఉన్నాయి. 13వది పిస్గా పర్వతం మీద. అంత ఎత్తు నుంచి సిగ్నల్ బాగా అందుతుంది. అప్పట్లో 7, 13 వీహెచ్‌ఎఫ్ బ్యాండులో ఉండేవి కాబట్టి కిటికీకి అంటించే పల్చటి యాంటెన్నాలు వాటిని సరిగ్గా పట్టవు, పొడుగు కడ్డీలున్నది కావాలి. అట్లాంటా సిగ్నల్ కోసం అయితే యాంటెన్నా మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పాను. వంద మైళ్లంటే భూమి వంపే అడ్డం వస్తుంది, ఏదో రాత్రి కనిపించినా నమ్ముకునే పని కాదు.

యాంటెన్నా మీద నేను పట్టుబట్టడానికి వానొకటే కారణం కాదు. స్టేషన్‌కు మూడేళ్లకోసారి ఒక ఎంపిక ఉంటుంది. ఉచితంగా తప్పనిసరి ప్రసారం అడగొచ్చు, లేదా డబ్బు కోసం బేరం పెట్టొచ్చు. పెద్ద నెట్‌వర్క్‌ల స్టేషన్లు బేరమే పెడతాయి. బేరం తెగకపోతే ఛానెల్ నల్లబడుతుంది. మా ఈ కేసుకు ఏడాది ముందు, 2015 ఆగస్టులో, సింక్లెయిర్ అనే కంపెనీ స్టేషన్లు 129 డిష్ నెట్‌వర్క్ మీద ఒక్కసారే పోయాయి. ఎఫ్‌సీసీ కలగజేసుకున్నాక ఒక్కరోజులో తిరిగొచ్చాయి. యాష్‌విల్ 13 సింక్లెయిర్‌దే. అలాంటి రోజున సిగ్నల్ మీటర్‌లో అంకె 95 ఉన్నా తెర మీద బొమ్మ రాదు. పైకప్పు మీది యాంటెన్నాకు ఆ గొడవతో సంబంధం లేదు.

అసలు శాటిలైట్‌లో లోకల్ ఛానెళ్లే లేని మార్కెట్లు కూడా ఉండేవి. డిష్ నెట్‌వర్క్ 2010లో 210 మార్కెట్లూ పూర్తి చేసింది. అది దాతృత్వం కాదు. దూరపు స్టేషన్లు చూపించే హక్కును 2006లో కోర్టులో పోగొట్టుకుంది, అన్ని మార్కెట్లూ ఇస్తే తిరిగి ఇస్తామని 2010 చట్టం అంది. డైరెక్‌టీవీ మాత్రం 2019లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్)లో చర్చ జరిగేనాటికి కూడా 12 చిన్న మార్కెట్లను వదిలేసి ఉంది. టెక్సస్‌లో విక్టోరియా, శాన్ ఏంజెలో వాటిలోవే. హ్యూస్టన్ నుంచి విక్టోరియాకు ఉద్యోగానికి పోయిన మనవాళ్లెవరైనా అప్పట్లో అక్కడ డైరెక్‌టీవీ పెట్టించుకుని ఉంటే వాళ్లకు యాంటెన్నా ఐచ్ఛికం కాదు, అవసరమే అయ్యేది.

మిగిలిపోయింది

ఛానెళ్లు నిలబడ్డాయి. ఇంట్లో అందరికీ సంతోషమా అంటే కాదు. డాక్టర్ గారబ్బాయికి అట్లాంటా ఫుట్‌బాల్ జట్టు ఫాల్కన్స్ అంటే ప్రాణం, ఆ సీజన్‌లో ఆ జట్టు ఫైనల్ దాకా, అంటే సూపర్ బౌల్ దాకా వెళ్లింది. గ్రీన్‌విల్ ఫాక్స్ స్టేషన్‌లో ఆదివారాలు షార్లెట్ జట్టు పాంథర్స్ మ్యాచ్‌లు నడుస్తాయి, ఆ ప్రాంతం వాళ్ల ఇలాకా. డబ్బు పెట్టి సండే టికెట్ ప్యాక్ కొనుక్కుంటే వేరే ప్రాంతాల ఆదివారం మ్యాచ్‌లూ వస్తాయి, అది అప్పట్లో డైరెక్‌టీవీ దగ్గరే దొరికేది. డాక్టర్ గారి ఇబ్బంది వేరు. అది ఎన్నికల ఏడాది. ఓటు జార్జియాలో వేయాలి, టీవీ తెరిస్తే నార్త్ కరోలినా గవర్నర్ పదవికి పోటీపడుతున్నవాళ్ల ప్రకటనలు. తన రాష్ట్రంలో ఎవరు ఏ పదవికి నిలబడ్డారో తెలుసుకోవాలంటే ఫోన్‌లో అట్లాంటా స్టేషన్ల యాప్‌లు తెరవాలి.

అమ్మగారికి మాత్రం ఏ లోటూ లేదు. ఆవిడ తెలుగు ఛానెళ్లు ఇంటర్నెట్ పెట్టెలో యప్ టీవీ ద్వారా చూస్తారు. ఆ కంపెనీ ఆఫీసు అట్లాంటాలోనే. హైదరాబాద్ సీరియల్ అట్లాంటా కంపెనీ ద్వారా హార్ట్‌వెల్ చేరుతుంది, అట్లాంటా వార్తలు మాత్రం చేరవు. ఎంత వివరించినా ఇది ఆవిడకు మింగుడుపడలేదు, నాకు తప్పనిపించలేదు.

మ్యాప్‌ను మార్చే దారి ఒకటుందని డాక్టర్ గారికి చెప్పాను. 2014 డిసెంబరులో వచ్చిన చట్టం శాటిలైట్ కోసం కూడా మార్కెట్ సరిహద్దును ఎఫ్‌సీసీ దగ్గర మార్పించుకోవచ్చంది. సొంత రాష్ట్రపు స్టేషన్లు జనానికి అందుతాయా లేదా అన్నది చూడాల్సిన అంశాల్లో చేర్చింది. అయితే మామూలు పౌరుడు పిటిషన్ వేయడానికి లేదు. స్టేషన్ వేయాలి, శాటిలైట్ కంపెనీ వేయాలి, లేదా కౌంటీ ప్రభుత్వం వేయాలి. కొలరాడోలోని లా ప్లాటా కౌంటీ ఆ పని చేసింది. అక్కడ డురాంగో ఊరివాళ్లకు శాటిలైట్‌లో న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ స్టేషన్లు వచ్చేవి, సొంత రాజధాని డెన్వర్‌వి రావు. 2017లో ఎఫ్‌సీసీ ఆ కౌంటీకి నాలుగు డెన్వర్ స్టేషన్ల విషయంలో మార్పు మంజూరు చేసింది. ఈశాన్య జార్జియా కౌంటీల్లోనూ తర్వాత ఆ దారి తొక్కినవి ఉన్నాయి.

మంజూరైనంత మాత్రాన మర్నాడే ఛానెల్ రాదు. ఆ కౌంటీ మీద ఆ స్టేషన్ స్పాట్ బీమ్ పడకపోతే సాంకేతికంగా కుదరదని కంపెనీ సర్టిఫై చేసి తప్పుకోవచ్చు. బీమ్ పడినా, స్టేషన్ బేరం దారి ఎంచుకుని ఉంటే డబ్బు లెక్క తేలాలి. హార్ట్ కౌంటీ విషయంలో బీమ్ పడుతుందా అని డాక్టర్ గారు అడిగితే, నలభైల్లో ఊగిన ఆ పట్టీని గుర్తుచేశాను. అడ్రస్ మార్చకముందు ఆ మీటర్ తెరను ఫోన్లో ఫొటో తీసి ఉంచాను, తేదీ, వాతావరణం రాసి ఆయనకు పంపాను. కౌంటీ కమిషన్ మీటింగ్‌కు తీసుకెళ్తానన్నారు.